సీసాలో పట్టని నీళ్ళు

రత్నం పెద్దరైతుల దగ్గర బియ్యపు బస్తాలు పుచ్చుకుని, తీపినీళ్ళు వాళ్ళకు మిగిల్చి, పల్లెకు ఉప్పు బోరు వేయించాడని మా తెనాలి వీధంతా కూస్తోంది. మొదలుపెట్టింది ఎదురింటి ప్రమీలారాణి. అది పచ్చి అబద్ధం. నేను వెళ్ళి కనుక్కునే రాస్తున్నాను.

రత్నం మా పక్క వాటాలో అద్దెకుంటాడు. రోజూ రైలెక్కి బాపట్ల వెళ్ళి, నీళ్ళ ఆఫీసులో పటాలు గీస్తాడు. డెబ్బై మూడులో ఆ ఆఫీసువాళ్ళు రేపల్లె దాకా తిరిగి, బావుల్లో నీళ్ళు సీసాలకు పట్టి ఉప్పెంతో చూశారు. బావులు ఎక్కడో ఒకటి, లోతులు తలో రకం. వాటి మధ్య నేల కింద, ఏ లోతున తీపినీళ్ళుంటాయో లెక్కగట్టడం ఇతని పని.

"చూడకుండా ఎలా చెబుతావురా?" అని అప్పట్లోనే అడిగాను.

"దగ్గరి బావి మాట ఎక్కువ వినాలి, దూరపుది తక్కువ వినాలి పిన్నిగారూ. పక్కకు మైలు పోయినా మారని నీళ్ళు, కిందికి నాలుగు బారలు దిగితే మారిపోతాయి. అందుకని లోతుకో కాగితం గీస్తాం."

"అంటే అటింటి పులుసూ ఇటింటి పులుసూ నాకి, నడిమింటి పులుసులో ఉప్పెంతో చెప్పడమా?"

"అంతేనండి," అని నవ్వాడు. "నడిమింటావిడ చెయ్యి మరీ వేరైతే తప్ప."

ఆ పటం చూసే బాపట్ల అవతల, ఊరి బయటి మాలపల్లెలో బోరు దించారు. పోయినవారం నేనే వెళ్ళి దోసిలి పట్టాను. గుటక దిగలేదు, ఉమ్మేశాను. బోరు కొడుతున్న ఏసమ్మ నవ్వింది.

"మా బావీ ఇంతేనమ్మా. అందుకేగా బోరడిగింది!"

"మరి సీసాలవాళ్ళు మీ బావి చూడలేదటే?"

"వీరాస్వామిగారి చేలో పట్టారు, రంగనాయకులుగారి దొడ్లో పట్టారు. ముందు నోట్లో పోసుకుని చూసేవోళ్ళు. మా నీళ్ళు ఆళ్ళ నోట్లో ఎట్టా పోసుకుంటారు? పల్లె చుట్టూ తిరిగి పోయారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సీసాలన్నీ వాళ్ళ నెత్తిన పగలగొట్టాలనిపించింది. ఇప్పటికీ ఆ పల్లె ఆడవాళ్ళు వీరాస్వామి చేనిగట్టున ఖాళీ బిందెలతో నిలబడి, ఎవరైనా తోడి పోస్తారేమోనని చూస్తున్నారు. రత్నాన్ని ఆడిపోసుకునే నోళ్ళు ఆ సీసాలవాళ్ళను ఒక్క మాట అనవేం?

"అయినా రత్నానికి తెలీదా ఏంటి," అంది ఏసమ్మ. "మా సుగుణమ్మ కొడుకేగా!"

మాకు గుంటూరువాణ్ణని చెప్పాడు. ఆఫీసులోనూ అదే చెప్పాడట.

ఆ సాయంత్రం అతను రైలు దిగి ఇంటికి రాగానే గుమ్మంలోనే నిలేశాను.

"ఆ నీళ్ళు తాగి పెరిగినవాడివి! అక్కడ తీపి అని గీయడానికి చెయ్యెలా వచ్చిందిరా? ఆ బావి ఉప్పని ఒక్క మాట అనలేకపోయావా?"

రత్నం చెప్పులు విడిచి గోడవార పెట్టాడు.

"అనొచ్చు పిన్నిగారూ. నీకెలా తెలుసని అడుగుతారుగా."