ఓట్మార్ కొక్కెం

నలభై ఏళ్ల సేవకు ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం పటం కట్టించి ఇచ్చిన ప్రశంసాపత్రాన్ని ఓట్మార్ రోజూ చొక్కా అంచుతో తుడుస్తాడు. వయసు దాటిందని, అది ఇచ్చిన రోజే స్టేషన్‌లో అతను కోటు తగిలించుకునే కొక్కెం కొత్తగా చేరిన కుర్రాడు హెన్నింగ్‌కి ఇచ్చేశారు. అయినా సైరన్ మోగితే సూప్ గిన్నె వదిలేసి పరుగెత్తుతాడు. మొన్న ఆ పటాన్నీ చంకలో పెట్టుకెళ్లాడు.

“గుడ్రున్, ఈ కాగితం వెనక్కి తీసుకో తల్లీ. నా కొక్కెం నాకిచ్చెయ్. ఇంట్లో కూచుంటే చచ్చిపోతాను,” అని దళనాయకురాలిని బతిమాలాడు. “నిచ్చెనెక్కావంటే ముందు నిన్ను దింపాలి పెద్దాయనా! కాఫీ పెట్టి ఉంచు,” అంటూ ఆమె బండెక్కింది. అందరూ కోట్లు తొడుక్కుని వెళ్లాక గోడంతా ఖాళీ కొక్కేలు మిగిలాయి. తనదానికి పటం తగిలించి, కాఫీ పెట్టాడు. తిరిగొచ్చిన హెన్నింగ్ ఆ పటాన్ని జాగ్రత్తగా తీసి బల్లమీద పెట్టి, తడి కోటు అక్కడ తగిలించాడు. “కాఫీ బాగుంది తాతా,” అన్నాడు.