ఖాళీ బాటలో సైకిల్ గంట

మిలిటరీ దిగినప్పటి నుంచి పెద్ద రోడ్డు నిండా లారీలే. అందుకే ఈ రోజు కౌడిపల్లి బడి నుంచి మెదక్‌కు గుట్టల మధ్య మొరం బాటలో సైకిల్ తొక్కాను. ఒక్క బండీ ఎదురు రాలేదు.

మేకలు కాసే ముసలాయన ఆపాడు. "గంట కొట్టుకుంట పోండ్రి సారూ. సప్పుడు లేకుంట పోతే గుట్టల దాక్కున్న దళమోళ్లు పోలీసు మనిషనుకుంటరు."

కొట్టుకుంటూనే వచ్చాను. మెదక్ పొలిమేరలో పోలీసు జవాను హ్యాండిల్ పట్టుకున్నాడు.

"బాట మీద పిట్ట గూడ లేదు. గంట ఎవలికి కొడుతున్నవ్? గుట్టలోళ్లకు ఇషారానా?"

"అలవాటండీ" అన్నాను. నమ్మలేదు. గంట ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

రేపు బడికి మళ్ళీ అదే బాట. పాడుకుంటూ పోదామనుకుంటున్నాను. ఇద్దరికీ కోపం రాని పాట ఏదైనా ఉంటే చెప్పండి.