వదిన ఎడమచెయ్యి

మొన్న మా చెల్లెలి కూతురు, మెడిసిన్ పూర్తిచేసి పై చదువు చదువుతున్న పిల్ల, ఫోను నా ముఖం దగ్గర పెట్టి ఒక వీడియో చూపించింది. రక్తనాళం లోపలి గోడకు పరుచుకొని ఉండే కణాలట. మీదుగా ద్రవం పారించగానే, అంతవరకూ ఒక్కొక్కటీ ఒక్కో వైపు తిరిగి ఉన్నవన్నీ మెల్లగా పొడుగై, ప్రవాహం ఎటు పోతే అటే ఒద్దికగా సర్దుకున్నాయి. "రక్తం ఎంత గట్టిగా రాసుకుంటూ పోతోందో వీటికి తెలుస్తుంది పెద్దమ్మా. దాన్నిబట్టే నాళం వెడల్పవుతుంది" అంది మురిసిపోతూ. డయాలసిస్ టెక్నీషియనుగా ముప్ఫై ఏళ్ళు పనిచేసినదాన్ని, ఆ సంగతి నేను మా వదిన ఎడమచేతి మీద చూసి నేర్చుకున్నాను. ఆ మాట పిల్లతో అనలేదు.

రాజమండ్రిలో నేను కొత్తగా పనిలో చేరిన ఆసుపత్రిలో అప్పటికి మూడే మెషీన్లు. మా అన్నయ్య భార్యకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిశాక, వారానికి రెండుసార్లు నిడదవోలు నుంచి పాసింజరు బండిలో గోదావరి దాటి నా దగ్గరకే వచ్చేది. మొదట్లో ప్రతిసారీ తొడలోని పెద్ద సిరకు సూది గుచ్చి ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. మెషీనుకు రక్తం ధారగా అందాలంటే చేతిలోని మామూలు సిర చాలదు కనుక, సర్జనుగారు ఆవిడ ఎడమ మణికట్టు దగ్గర ధమనిని సిరకు కలిపి కుట్టారు. సన్నటి సిరలోకి ధమని రక్తం ఉరవడిగా వచ్చిపడితే, లోపలి పొర ఆ ఒరిపిడిని గుర్తుపట్టి, సిర వెడల్పయి, గోడ మందమెక్కి, రెండు నెలల్లో సూదికి సిద్ధమవుతుందని ఆయన చెబుతుంటే వదిన కళ్ళప్పగించి వింది.

"దానంతట అదే తెలుసుకుంటుందాండీ?" అని అడిగింది.

"తెలుసుకుంటుందమ్మా. మీరు మటుకు ఆ చేతికి బరువూ బిగుతూ తగలనివ్వకండి."

రోజూ పొద్దున్నే కుట్టు మీద వేలు పెట్టి చూసుకోమని నేర్పింది నేనే. చర్మం కింద జుమ్మని సన్నగా అదురుతుంది; అది ఉన్నంతకాలం దారి తెరిచి ఉన్నట్టు. వదినకు అదొక ఆటైపోయింది. పక్కింటివాళ్ళను పిలిచి, చెయ్యి వాళ్ళ చెవికి ఆనించి వినమనేది. పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ తనదంటూ ఒకటి పట్టుకొని అంత సంబరపడటం నేను చూడలేదు.

రెండో నెల నిండకముందే చెల్లెలి పెళ్ళి వచ్చింది. పగటి ముహూర్తం. తెల్లవారగానే అమ్మ ఆకుపచ్చ మట్టిగాజులు పట్టుకొచ్చింది. వదిన కుడిచెయ్యి చాపింది. అమ్మ ఎడమది కూడా లాక్కుంది.

"డాక్టరుగారు వద్దన్నారండి అత్తయ్యగారూ" అని వదిన మెల్లగా అంది.

"పెద్దకోడలివి, ఒక చెయ్యి బోసిగా పెట్టుకొని పీటల దగ్గర తిరుగుతావా? వియ్యాలవారు ఏమనుకుంటారు? ఒక్కపూటకి ఏమీ అవదులే" అంటూ అమ్మ డజను గాజులు ఎక్కించి, జారకుండా పైకి, సరిగ్గా కుట్టు మీదికి బిగించి నెట్టింది.

వదిన నా వైపు చూసింది. ఆ గదిలో దాని సంగతి పూర్తిగా తెలిసినదాన్ని నేనే. మరొకరి కోడలైతే అత్తగారిని నిలబెట్టి కేకలేసేదాన్ని. మగపెళ్ళివారి ఆడవాళ్ళు గుమ్మంలో ఉన్నారని, నలుగురిలో అమ్మ చిన్నబోతుందని, పూలమాలల చిక్కు విప్పుతూ కూర్చుండిపోయాను.

ఆ రోజంతా పనుల్లో పడి వదిన మంచినీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు. అప్పగింతలయ్యాక సాయంత్రం గాజులు తీసేసి, నా దగ్గరకొచ్చి చెయ్యి చాపింది. వేలు పెట్టాను. జరిపి జరిపి చూశాను. చెవి ఆనించాను. ఏమీ లేదు. సిర తాడులా గట్టిపడి ఉంది.

మర్నాడు సర్జనుగారు మణికట్టు మీద ఇంకా మిగిలిన గాజుల అచ్చులు చూసి, "గడ్డకట్టేసింది. ఎవరు వేశారమ్మా గాజులు?" అని కోపంగా అడిగారు.

పక్కనే అన్నయ్య, నేను.

"సరదాపడి నేనే వేసుకున్నానండి" అంది వదిన తల వంచుకొని. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

ఇంకోచోట ఆపరేషనుకు వీలయ్యేలోపు మెడలో గొట్టం వేశారు. దానికి చీముపట్టి, చలిజ్వరాలు పట్టుకొని, నాలుగు నెలలు తిరక్కుండానే వదిన పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళతో అమ్మ, "ఎంత చెప్పినా వినలేదండి, సరదాలకి పోయి చేతులారా చేసుకుంది" అని కళ్ళొత్తుకునేది. అలా చెప్పగా చెప్పగా చివరికి తనే నమ్మేసింది. కాఫీలు అందిస్తూ ఆ మాటలన్నీ విన్నాను.

ఇప్పుడు చిన్న ఊళ్ళలో కూడా డయాలసిస్ సెంటర్లు వచ్చాయి. కుట్టు వేసిన చేతికి గాజులూ వాచీ వద్దని గోడ మీద బొమ్మలు వేసి పెడుతున్నారు. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలు అత్తగార్లను ఎదురుగా కూర్చోబెట్టి గట్టిగా చెబుతారు, అత్తగార్లు తలూపుతారు కూడా. సంతోషించాల్సిందే గానీ, ఆ మాట చెప్పడం ఇంత తేలికా అనిపిస్తుంది నాకు. చెల్లెలికి ఈనాటికీ ఏమీ తెలియదు. దాని పెళ్ళి ఆల్బంలో వదిన రెండు చేతుల నిండా గాజులతో, అక్షింతల పళ్ళెం పట్టుకొని నవ్వుతూ ఉంటుంది. చూసినవాళ్ళంతా ఎంత కళగా ఉందో అంటారు. ఆ ఫొటో తీసేసరికి ఆవిడ చేతిలో ఆ చప్పుడు ఇంకా ఉందో, అప్పటికే ఆగిపోయిందో, నాకు తెలియదు.