బోయిన్‌పల్లి గుంతల్లో దేవకృప

దేవకృపకు కోపం రావడం అరుదు. బోయిన్‌పల్లి గుంతల దగ్గర మాత్రం రోజూ వచ్చేది.

చిలకలగూడలో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి యేసుదాసు మాస్టారు తనలాగే బడిలో టీచరుగా చేరమంటే వినకుండా పురావస్తు శాఖలో తవ్వకాల పనికి కుదిరింది. ఎండలో మట్టి గీకుతూనే జుట్టు నెరిసింది. 2003 వేసవిలో బోయిన్‌పల్లి అవతల కొత్త రోడ్డుకు నేల చదును చేస్తుంటే ఎర్రమట్టిలో నల్లటి గుండ్రని మచ్చలు బయటపడ్డాయి. ఏనాటివో, మట్టితో పూడిపోయిన పాతకాలపు గుంతలు. రోడ్డు పని ఆపించి, వాటిని తవ్వి చూడమని ఆమెను పంపారు.

ఆనాటి నుంచి రోడ్డు కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజరు వలీ ఆమె ప్రాణం తోడేశాడు.

"మేడం, ఇంకెప్పుడైతది? మా సేటు నన్ను పరేషాన్ చేస్తుండు."

"ఇది కుంచెతో దులిపే పని వలీ గారూ, పారతో లాగేది కాదు."

"బంగారం గిట్ల ఉన్నదా? జెర చెప్పున్రి."

బంగారం మాట పాకిపోయింది. చూడవచ్చిన జనం గట్టు మీద నిలబడి గుంతల అంచులు కూల్చారు. ఒక పొద్దున వచ్చేసరికి పెద్ద గుంత నిండా కుళ్ళిన క్యాబేజీ ఆకులు! ఖాళీగా కనబడింది కదా అని కూరగాయల మార్కెట్ వాళ్ళెవరో కుమ్మరించి పోయారు. దేవకృప ముక్కుకు కొంగు కట్టుకుని, కూలీలతో పాటు తనూ దిగి గంపలకెత్తింది. ఆ తర్వాత తవ్వితే బూడిద, ఎముకలు, కుండపెంకులు.

వలీ తొంగిచూశాడు. "అంటే ఇది పాతకాలం చెత్తకుప్పనా? చెత్త కోసం మా రోడ్డాపిన్రా?"

"అవును! ఆనాటి మనుషులేం తిన్నారో చెత్త కాక ఇంకేం చెబుతుంది?"

వలీ తల కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. తవ్వకానికి ఇచ్చిన గడువు మర్నాటితో అయిపోయింది. ఆమె ఇంకా గుంతలోనే కూర్చుని అడుగుపొర బొమ్మ గీసుకుంటోంది. పైన జేసీబీ గర్జించింది, మట్టిబెడ్డలు నెత్తిన రాలాయి.

"నన్ను కూడా కలిపి పూడ్చేయండి! మీ రోడ్డు గట్టిగా ఉంటుంది!" అని అరిచింది.

జేసీబీ ఆగింది. వలీ కంగారుగా వచ్చి అంచున చతికిలబడ్డాడు. ఆమె ఆ కోపంలోనే అరచెయ్యి చాచింది. అందులో అడుగుపొరలో దొరికిన, నల్లగా మాడిన గింజలు.

"ఉలవలు గదా మేడం ఇవి! మా అమ్మీ సుత చారు కాస్తది."

"అవే. వేల ఏళ్ళ కిందటివి. మొదట ఇది గింజల పాతర. పాడయ్యాకే చెత్త పోశారు."

వలీ వంగి ఒక గింజను వేలికొనతో తాకాడు. "సరే, పొద్దుగూకేదాంక చేసుకోన్రి. సేటుకు మషీన్ ఖరాబైందని చెప్త."

సాయంత్రానికి గింజలు, పెంకులు సంచుల్లోకి చేరాయి. గుంతను పూడ్చేస్తుంటే దేవకృప అటు చూడలేక జీపెక్కింది.

ఇంటికి వెళ్ళగానే అక్క డోరా అడిగింది, "ఇంతకీ ఏం దొరికాయే?"

"ఉలవలు."

"ఉలవలా! అందుకా వేసవంతా ఎండలో మాడావు? వంటింట్లో డబ్బా నిండా ఉన్నాయి కదే!"

దేవకృప కొంగు దులుపుకుంది. "ముందు నీళ్ళు తోడక్కా, తల నిండా మట్టే" అంది.