మా జిలేబిలో గేదె

ఈ కథ చివరికి మా కుక్క గెలుస్తుంది, నేనూ గెలుస్తాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మధ్యలో నా పరువు కృష్ణలో కలిసే ఘట్టం ఒకటుంది. అక్కడ మీరు జాలిపడి చదవడం ఆపేస్తారేమోనని నా భయం. జాలి అక్కర్లేదు, నవ్వండి. మా అపార్ట్‌మెంటు అంతా నవ్వింది.

నేను విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో జువాలజీ చెబుతాను. అందులోనూ జన్యుశాస్త్రం. తల్లి నుంచి ఏది వస్తుంది, తండ్రి నుంచి ఏది వస్తుంది, రెండూ కలిస్తే పిల్లలకు ఏమవుతుంది అన్నది మా విద్యార్థులు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా రుద్దుతాను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను చేసిన ఘనకార్యం విలువ తెలియాలంటే ఇది అవసరం.

కొన్నేళ్ళ క్రితం మా లాబ్రడార్ జిలేబికి సంబంధం చూశాను. పిల్ల గోధుమరంగు, ఒళ్ళు గుండ్రం, బుద్ధి బంగారం. వరుడు ఇబ్రహీంపట్నంలో ఉంటాడు, పేరు మేజర్. వాడి యజమాని మూర్తిగారు థర్మల్ స్టేషన్లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. నేనూ మావారూ జిలేబిని వెంటబెట్టుకుని వెళ్ళాం. కుక్కలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్న మరునిమిషం నుంచే బంధువుల్లా పెరడంతా పరుగులు పెట్టాయి. మూర్తిగారు మాత్రం తొందరపడలేదు.

మేజర్ తల్లిని కూడా ఆయనే పెంచారట. పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల దానికి నడివయసు రాకుండానే చూపు పోయింది. గోడలకు గుద్దుకుంటూ, ఆయన గొంతు వినబడ్డ వైపే నడిచేదట. అది చెబుతూ ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"మావాడికి ఆ తల్లి నుంచి లోపం ఒక పాలు వచ్చిందండీ. తల్లిదీ తండ్రిదీ రెండు పాళ్ళూ కలిస్తేనే జబ్బు, ఒక్క పాలే కాబట్టి వాడి కళ్ళకేం కాదు. మీ అమ్మాయిలో కూడా అదే ఉంటే మాత్రం పిల్లల్లో కొన్నిటికి చూపు పోతుంది. టెస్టు చేయించండి. లేదని వస్తే సంబంధం ఖాయం. ఉందని వస్తే ఈ కాఫీతో సరి," అన్నారు.

ఇంత చక్కగా చెప్పిన మనిషికి నేనేం చేశాను? అరగంట సేపు జన్యుశాస్త్రం పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, టెస్టు జాగ్రత్తగా చేయించమని మళ్ళీ అదే మాట అన్నారు. నాకా జాగ్రత్తలు చెప్పేది అని మనసులో నవ్వుకున్నాను.

హైదరాబాదు ల్యాబు నుంచి కిట్టు వచ్చింది. చివర దూది చుట్టిన పొడుగాటి పుల్లలు, మూత ఉన్న చిన్న గొట్టం. పుల్లతో కుక్క బుగ్గ లోపలి వైపు కాసేపు రుద్ది, గొట్టంలో పెట్టి పంపాలి. అంతకు ముందు కుక్క ఏమీ తినకూడదు. ఆ సూచన నేను చదవలేదనుకునేరు. చదివాను. మావారికీ అత్తయ్యకీ అర్థం కూడా చెప్పాను. జిలేబి గిన్నెను అటకెక్కించాను. బిస్కెట్ల డబ్బా ముట్టుకుంటే ఊరుకోనని అత్తయ్యకు గట్టిగా చెప్పాను. శాంపిల్ ఎంత పద్ధతిగా తీయాలో మా విద్యార్థులకు చూపిద్దామని మావారి చేత వీడియో కూడా తీయించాను. అత్తయ్య ఏదో అనబోతే, మధ్యలో మాట్లాడితే వీడియో పాడవుతుందని ఆపేశాను.

ఇక చూడండి నా ప్రచారం. లిఫ్టులో, స్టాఫ్‌రూములో, కూరల బండి దగ్గర, మా జిలేబిలో ఏ లోపమూ ఉండదని రిజల్టు రాకముందే ప్రకటించేశాను. పుట్టబోయే పిల్లలకు పేర్లు కూడా ఆలోచించాను.

అప్పుడు ల్యాబు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. శాంపిల్ పనికిరాలేదంది. ఎందుకు పనికిరాలేదో చెప్పమన్నాను.

"కుక్క డీఎన్ఏతో పాటు ఇంకో జంతువుది కలిసింది మేడమ్."

"ఏ జంతువమ్మా?"

"గేదె మేడమ్."

మేముండేది నాలుగో అంతస్తు. గేదె రావాలంటే లిఫ్టులో రావాలి. నేను ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. ముందు మీ ల్యాబులో వెతకండి, గేదె అక్కడెక్కడో ఉంటుంది అన్నాను. నేను ఏం చెబుతానో, ఎన్నేళ్ళుగా చెబుతున్నానో కూడా చెప్పాను. పాపం, అన్నిటికీ "అవును మేడమ్" అంటూనే ఉంది.

అసలు దెబ్బ మూర్తిగారి దగ్గర తగిలింది. శాంపిల్ చెడిందని చెబితే ఆయన గొంతు ముభావంగా మారిపోయింది.

"రిజల్టు బాగా రాలేదంటే నాతో చెప్పేయండమ్మా. నేనేమీ అనుకోను," అన్నారు.

నేను దాస్తున్నానట! జిలేబి పెళ్ళి ఆగిపోతే బాధే, కానీ గుడ్డి కుక్కను చూసి కుమిలిపోయిన మనిషిని నేను మోసం చేస్తున్నానన్న అనుమానం నాకు అన్నం సహించకుండా చేసింది. రుజువు కావాలా, ఇదిగో రుజువని ఆ వీడియోను కనీసం ఒక్కసారైనా చూసుకోకుండా ల్యాబుకు పంపాను, మూర్తిగారికి పంపాను, చాలదన్నట్టు అపార్ట్‌మెంటు గ్రూపులో కూడా పెట్టాను. కళ్ళారా చూసి మాట్లాడండి అని కింద రాశాను.

చూశారు. అందరూ చూశారు. ముందు ఆ ల్యాబు అమ్మాయే ఫోన్ చేసింది.

"మేడమ్, పుల్ల పెట్టే ముందు కుక్క నోట్లో ఏం పెట్టారండీ?"

"నేనేం పెట్టలేదు."

"చెంచాతో పెట్టారు మేడమ్. ఆల్ ది బెస్ట్ అని కూడా అన్నారు."

అప్పుడు చూశాను ఆ వీడియో. మా ఇంట్లో ఎవరు ఏ పరీక్షకు వెళ్ళినా నోట్లో పెరుగు పంచదార పడాల్సిందే. ఎంట్రన్సు రోజున మా విద్యార్థులకు కాలేజీ గేటు దగ్గర నిలబడి నా చేత్తో నేనే పెడతాను. పరీక్ష అనే మాట చెవిన పడితే చాలు, నా చెయ్యి నన్నడక్కుండానే పెరుగు గిన్నె మీదికి పోతుంది. వీడియోలో సాక్షాత్తూ నేను, జిలేబి నుదుట బొట్టు పెట్టి, గడ్డ పెరుగు నిండుగా ఒక చెంచా తినిపించి, అది మూతి నాక్కుంటుండగానే పుల్లతో బుగ్గ రుద్దుతున్నాను. మా పాలబ్బాయి పోసేవి చిక్కటి గేదె పాలు.

అత్తయ్య వైపు చూశాను. "నేనప్పుడే చెప్పబోయానే. మాట్లాడొద్దన్నావు. చదువుకున్నదానివి, ఏదో కారణం ఉండే పెడుతున్నావులే అనుకున్నా," అంది.

ఆ తర్వాత నేను లిఫ్టెక్కితే చాలు, జిలేబి పూటకు ఎన్ని లీటర్లు ఇస్తోందని అడిగేవాళ్ళు. స్టాఫ్‌రూములో నా బల్ల మీద ఎవరో పచ్చగడ్డి పెట్టారు. వారం రోజులు మెట్లమీదుగానే తిరిగాను.

అయితే ఆ వీడియోనే నన్ను కాపాడింది. మూర్తిగారు ఫోన్ చేసి, నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక, దాచాలనుకున్నవాళ్ళు తమ తప్పు ఇంత శుభ్రంగా వీడియో తీసి పంపరండీ, నన్ను క్షమించండి, ఇంకో కిట్టు తెప్పించండి అన్నారు. ఈసారి అత్తయ్య పెరుగు గిన్నె ఒళ్ళో పెట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చుంది. నేను చేతులు కడుక్కుని, నోరు మూసుకుని శాంపిల్ తీశాను.

జిలేబిలో ఆ లోపం ఒక్క పాలు కూడా లేదని వచ్చింది. నేను ఎగిరి గంతేశాను, తర్వాత కూర్చుని ఏడ్చాను. లిఫ్టులోనే కిందికి దిగి అందరికీ మిఠాయి పంచాను. పెళ్ళయింది. జిలేబి ఏడు పిల్లల్ని పెట్టింది. ఏ ఒక్కదానికీ ఆ జబ్బు వచ్చే వీల్లేదు. అయితే తండ్రి నుంచి లోపం ఏ పిల్లకు వచ్చిందో పెంచుకునేవాళ్ళకు తెలియాలి కదా, అందుకని అన్నిటికీ టెస్టు పెట్టుకున్నాం.

ఆ రోజు మూర్తిగారు ఇబ్రహీంపట్నం నుంచి పనిగట్టుకుని వచ్చారు. నేనప్పటికే పిల్లల్ని తల్లి దగ్గర పాలు తాగకుండా విడదీసి ఉంచాను. ఆయన నేల మీద కూర్చుని వేలు అటూ ఇటూ ఆడించారు. ఏడు జతల కళ్ళూ ఆ వేలు వెంటే తిరిగాయి.

తర్వాత కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి మూత తెరిచారు.

"చంటివాళ్ళు, మొదటి పరీక్ష కదండీ. మా ఆవిడ ఇచ్చి పంపింది."

గడ్డ పెరుగు. పైన పంచదార. పక్కన చెంచా.

ఈసారి తప్పు పట్టుకునే వంతు నాది! మా విద్యార్థులకు ఎన్ని ర్యాంకులొచ్చినా నేనంతగా పొంగిపోలేదు. ఆయన చేతిలోని చెంచా మెల్లగా లాక్కుని, "మూర్తిగారూ, మావారు వీడియో తీస్తున్నారు," అన్నాను.

కాబట్టి కృష్ణమ్మ సాక్షిగా, అటకెక్కిన జిలేబి గిన్నె సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట పరీక్షకు ముందు ఏ కుక్క నోట్లోనూ పెరుగు పెట్టను, పెట్టనివ్వను. గొట్టానికి మూత బిగించాక మాత్రం నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు ఆ ఏడు పిల్లలూ, వాటి తల్లీ, మూర్తిగారూ, నేనూ కలిసి ఆ డబ్బా ఖాళీ చేశాం.