పరిగెత్తని ఆట

గుడియాత్తంలో ఈ కథను ఇప్పటికీ ఒకే రకంగా చెబుతారు. మద్రాసులో చదువుకున్న కోడలు ఇంటికి టెన్నిసు తెచ్చిందట, బావగారిని పరిగెత్తించి పరిగెత్తించి చంపిందట. చెప్పేవాళ్లలో ఆ ఆట చూసినవాళ్లు ఎందరని అడిగితే ఒక్కరూ ఉండరు. నేను ఆయనకు నేర్పింది పరిగెత్తకుండా ఆడటం.

బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, మునసబు కోర్టులో ప్లీడరు. వయసు యాభైకి దగ్గరపడినా ప్రతి బంతి వెంటా పడేవారు. ఎడమవైపు బంతి వస్తే దాన్ని చుట్టి వెళ్లి కుడివైపు నుంచే బాదేవారు. వేలూరు క్లబ్బు పోటీలో ప్రతి ఏడూ ఒక తోళ్ల వ్యాపారి చేతిలో ఓడి వచ్చేవారు. ఆ మనిషిని ఒక్కసారైనా ఓడించాలన్నది ఆయన పంతం.

ఒక సాయంత్రం, నేను అక్కడ ఉండగానే, మా ఆయనతో అన్నారు: "పరిగెత్తకుండా గెలిచే దోవ ఏమన్నా ఉండాదేమో ఆయమ్మను అడుగు నాయనా. కాలేజీలో ఆడినాది గదా."

నన్నే అడగొచ్చు కదా అనకండి. మా ఇంట్లో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడకూడదు, ఆయనా మాట్లాడకూడదు. అందుకని నా పాఠాలన్నీ మా ఆయన నోటి మీదుగానే వెళ్లాయి. నూలు ఆరబెట్టే దొడ్లో కొయ్యలు పీకించి, పేడతో అలికించి, అడ్డంగా వల కట్టాం. నేను పక్కన నిలబడి, మణికట్టు విదిలించొద్దు, భుజం తిప్పమనండి అనేదాన్ని. రెండడుగుల దూరంలో ఉన్న మనిషి విననట్టే నిలబడి, మా ఆయన మళ్లీ చెప్పాకే భుజం తిప్పేవారు. మా ఆయన దారిలో సగం మింగేసేవాడు. గానుగెద్దులా బంతి చుట్టూ ఆ తిరగడమేమిటి, ఉన్నచోటే ఎడమవైపు కొట్టమనండి అని నేనంటే, "కొంచెం పక్కకు తిరుగన్నా" అనేవాడు.

"గానుగెద్దు యాడ పోయిందిరా?" అనేవారు బావగారు.

బంతిని బలంగా కాదు, లోతుగా వేయమన్నాను. వెనక గీత దగ్గర పడే బంతిని ఎవడూ ముందుకొచ్చి కొట్టలేడు. వచ్చినా వాడి తల మీదుగా ఎత్తి వేస్తే పరిగెత్తేది వాడే. ఇవన్నీ పట్టుకున్నారు. ఎడమచేతి వైపు దెబ్బ కూడా నెమ్మదిగా కుదిరింది. కుదరనిది ఒక్కటే. ఆ తోళ్ల వ్యాపారికి ఒక జిత్తు ఉండేది. ఎదుటివాణ్ణి వెనక్కి తరిమి, బంతిని వల అంచున మెత్తగా పడేస్తాడు. దాన్ని వదిలేయమన్నాను. ఒక పాయింటు పోతే పోయింది, దాని కోసం పరిగెత్తితే తర్వాతవన్నీ పోతాయి.

"అందేదాన్ని ఎట్లా వదిలేది, అడుగు."

అందదు కాబట్టి అన్నాను. ఈ మాట మా ఆయన మింగలేదు.

పోటీ రోజు అందరం వేలూరు వెళ్లాం. మగవాళ్లు అవతల కుర్చీల్లో, నేనూ తోడికోడలూ ఇవతల తడిక పక్కన. బావగారు నేను చెప్పినట్టే ఆడారు. అంత తక్కువ కదిలిన మనిషిని ఆ క్లబ్బు చూసి ఉండదు. చొక్కా తడిసింది తోళ్ల వ్యాపారిదే. చివరికి ఇంకొక్క పాయింటు వస్తే చాలు. వ్యాపారి బంతిని వల అంచున పడేశాడు. బావగారు వెనక గీత మీద ఉన్నారు. నేను లేచాను.

"వద్దు బావా, వదిలేయండి."

కుర్చీల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆయన పరిగెత్తారు. బంతి అందింది. అవతలకు వెళ్లి పడింది. గెలిచారు. ఆ ముక్క మాత్రం ఊళ్లో ఎవరూ చెప్పరు. వ్యాపారికి చేయి కలిపి, కుర్చీలో కూర్చుని, నీళ్లు అడిగారు. నీళ్లు వచ్చేసరికి మనిషి లేడు.

కర్మ జరిగే రోజుల్లో తోడికోడలు అందరి ముందూ అంది, "నీ ఆటే ఆయన్ను మింగేసినాది." నోరు మూసుకునే రకాన్ని కాను. ఆయన్ను నిలబెట్టింది నేను, పరిగెత్తింది ఆయన అన్నాను. ఆమె అందరూ లేచేదాకా ఆగింది. తర్వాత, నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది.

"డాక్టరు గుండె చూసి ఆట మానేయమనినాడు, పోయినేడే. నీకు చెప్పొద్దనినారు. చెప్తే నువ్వు నేర్పవంట."

పరిగెత్తకుండా గెలిచే దోవ ఎందుకు అడిగారో అప్పుడు తెలిసింది. తెలిసినవాళ్లిద్దరూ దాచారు, తెలియని నేను హంతకురాలిని. ఈ వాదన పరదరామి నుంచి పరామర్శకు వచ్చిన బంధువుల దగ్గర్నుంచి మొన్నమొన్నటి పెళ్లి పందిరి దాకా అందరితో చేశాను, ఎవరూ నాకు సరైన జవాబు చెప్పలేదు. చెప్పకపోతే పోయారు. వాళ్లను అడగవలసింది ఏమీ లేదు.

అడగవలసిన మనిషి ఆయన. మా ఆయన చెప్పక ముందే నా ప్రతి మాటా ఆయనకు వినిపించేదని నాకు తెలుసు. ఆ రోజు మాత్రం నా మాటను మళ్లీ చెప్పడానికి మధ్యలో ఎవరూ లేరు. మరి ఆయన నిజంగా వినలేదా, లేక విని కూడా, తమ్ముడి భార్య నోటి నుంచి నేరుగా వచ్చింది కాబట్టి, విననట్టే పరిగెత్తారా?