వారానికో షిఫ్టు

"థూ, ఇదేం బతుకు బావా! రాత్రి షిఫ్టు దిగొచ్చి పొద్దున ఎనిమిదింటికి అన్నం ముందు కూర్చుంటే నోరంతా చేదు," అంటూ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసే ఆ మనిషి, అక్క మొగుడి ఎదుటే కంచం పక్కకు తోసేశాడు. పదకొండేళ్ళుగా వారానికో షిఫ్టు. ఒంటికి పట్టిన తీపి వాసన ఎంత రుద్దినా పోదు. కిటికీకి నల్లగుడ్డ కట్టినా పగలు కన్ను మూతపడదు. ఉబ్బిన పొట్టను చూసుకుంటే తనకే రోత. బీపీ మాత్ర లేవగానే వేసుకోమని ఆస్పత్రిలో డాక్టరమ్మ అంటే బుద్ధిగా అలాగే వేసుకునేవాడు. షిఫ్టు మారినప్పుడల్లా మాత్రకూ మాత్రకూ మధ్య ఒకసారి పది గంటలు, ఒకసారి ముప్ఫై. మొన్న అట్టపెట్టెల మధ్య గుండె పట్టుకుని కూలబడ్డాకగానీ డాక్టరమ్మకు ఈ సంగతి తెలియలేదు. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "గుండెకూ పగలూ రాత్రీ తెలుసయ్యా! రోజూ ఒకే వేళకు పడుకో, ఒకే వేళకు మింగు."

"నాకు చెబితే ఏం లాభం, మా సూపర్‌వైజరుకు చెప్పాలిగానీ!" అని బావ వైపు చూసి నవ్వబోయి, మళ్ళీ మొహం చిట్లించాడు. "బావా, నువ్వు మాటకారివి. ఆ మహానుభావుడి దగ్గరికి ఒకసారి వెళ్ళిరా. నన్ను ఏదో ఒక షిఫ్టులో పడేసి, ఇక కదపొద్దను. ఎప్పటికీ రాత్రే అన్నా సరే, ఒప్పేసుకో."